జివ్వుమనే పళ్ళు – ఫ్లోరైడ్ పూత: భయమెంత? లాభమెంత?

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య విషయాలపై జరిగిన కార్యక్రమంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్ చేసిన ప్రసంగ పాఠం)



పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అని మన పెద్దలు ఊరకనే అనలేదు. ఎల్.డి.సి.గా చేరిన రోజుల్లో జీతం రాళ్ళు ఇరవయ్యో తారీఖుకే అయిపోయేవి. ఇప్పుడు ఒకటో తారీఖున పెన్షన్ బ్యాంకులో పడుతోంది, పిల్లలు పండ్లూ ఫలాలూ తెచ్చి పెడుతున్నారు, తిందామంటే పళ్ళు సహకరించవు. చల్లని నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. చింతకాయ పచ్చడి తగిలితే గుండెలదాకా లాగుతుంది. ఈ హాల్లో ఉన్నవారిలో చాలామందికి ఈ బాధ అనుభవమేనని నాకు తెలుసు. ఇందాక టీ విరామంలో మజ్జిగ గ్లాసు పట్టుకుని ఒక పక్కకే వంపుకుని తాగుతున్నవారిని నేను లెక్కపెట్టాను.

నేను డాక్టరును కాను. నాకు తెలిసింది ఫైలు చదవటం, నోటు రాయటం. అయితే నా సర్వీసులో కొన్నేళ్ళు నల్లగొండ జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేశాను. ఫ్లోరైడ్ అనే మాట నా టేబుల్ మీదుగా కొన్ని వందలసార్లు పోయింది. రిటైరయ్యాక అదే మాట మా ఇంట్లోకి మందు రూపంలో వచ్చింది. అందువల్ల ఈ విషయం మీద రెండు వైపులా చదివి, దంతవైద్యులను అడిగి తెలుసుకున్నది మీ ముందు ఉంచుతున్నాను.

పన్ను ఎందుకు జివ్వుమంటుంది?

పన్ను పైన ఎనామిల్ అనే గట్టి పింగాణి పొర ఉంటుంది. మన శరీరంలో అన్నిటికన్నా గట్టిది అదే. దాని కింద డెంటిన్ అనే పొర, దాని లోపల నరం, రక్తనాళాలు ఉన్న గుజ్జు ఉంటాయి. డెంటిన్ గట్టి రాయి కాదు. కంటికి కనిపించని సన్నని గొట్టాలు చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో దానిలో ఉంటాయి. ఆ గొట్టాల నిండా ద్రవం ఉంటుంది.

వయసు పెరిగిన కొద్దీ చిగురు కిందికి జారుతుంది. చిగురు కప్పి ఉంచిన పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు, పలుచని పొర మాత్రమే ఉంటుంది. అది త్వరగా అరిగిపోయి డెంటిన్ బయటపడుతుంది. అప్పుడు చల్లదనం, పులుపు, తీపి, గాలి ఏది తగిలినా గొట్టాల్లోని ద్రవం కదిలి లోపలి నరాన్ని తాకుతుంది. అదే జివ్వుమనటం. 1960 దశకంలో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు బ్రన్‌స్ట్రోమ్ ఈ సంగతిని ప్రయోగాలతో వివరించాడు. ఈనాటికీ వైద్యులు ఆ వివరణనే అనుసరిస్తున్నారు.

దీన్నిబట్టి మందు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అయితే ఆ గొట్టాల మూతులు మూసేయాలి, లేకపోతే నరాన్ని జోకొట్టాలి. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టులు రెండో పని చేస్తాయి. ఫ్లోరైడ్ పూత మొదటి పని చేస్తుంది.

ఫ్లోరైడ్ ఏం చేస్తుంది?

ఫ్లోరైడ్ ద్రావణాన్ని పంటిమీద పూసినప్పుడు అది అక్కడి కాల్షియంతో కలిసి కాల్షియం ఫ్లోరైడ్ అనే సన్నని రేణువులుగా మారుతుంది. ఆ రేణువులు గొట్టాల మూతుల్లో కూరుకుంటాయి. కారుతున్న కుళాయికి నార చుట్టినట్టన్నమాట. దానితోపాటు పంటి పైపొర గట్టిపడి, పులుపుకు అంత తొందరగా కరగదు. మనవంటి వృద్ధులకు వేళ్ళ దగ్గర వచ్చే పిప్పిని కూడా అది అడ్డుకుంటుంది. రక్తపోటుకు, నిద్రకు వాడే మందుల్లో కొన్ని నోరు ఎండిపోయేటట్లు చేస్తాయి. లాలాజలం తగ్గిన నోట్లో పిప్పి త్వరగా వస్తుంది. కాబట్టి మనకు ఈ రెండో లాభం చిన్నది కాదు.

ఇది కొత్త వైద్యం కాదు. బయటపడిన డెంటిన్‌కు ఫ్లోరైడ్ వాడవచ్చునని 1941లోనే లుకోమ్‌స్కీ అనే ఆయన వ్యాసం రాశారు. ఇప్పుడు దంతవైద్యులు వాడేవి ముఖ్యంగా ఇవి:

1. సోడియం ఫ్లోరైడ్ 2 శాతం ద్రావణం. దూదితో పూసి కొన్ని నిమిషాలు ఉంచుతారు. కొన్ని విడతలుగా చేస్తారు.

2. సోడియం ఫ్లోరైడ్ 5 శాతం వార్నిష్. ఇది జిగురుగా ఉండి పంటికి గంటల తరబడి అంటుకుని ఉంటుంది. అమెరికాలో 1994లో దీనికి అనుమతి ఇచ్చింది పళ్ళు జివ్వుమనటం తగ్గించే మందుగానే. పూసిన రోజు పళ్ళు కొద్దిగా పసుపుగా కనిపించవచ్చు. తరువాత పోతుంది.

3. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ 38 శాతం ద్రావణం. జపానులో 1970 నుంచి వాడుకలో ఉంది. 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మంచి మందే గాని పిప్పి ఉన్న చోట నల్లగా మచ్చ పడుతుంది, ఆ నలుపు పోదు. ముందు పళ్ళకయితే ముందుగానే అడిగి తెలుసుకోండి.

4. ఇంట్లో పుక్కిలించే ద్రావణం. రోజువారీ వాడేది 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్. ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. అరగంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు.

పూత వేసే పద్ధతి సులువే. ముందు పళ్ళు శుభ్రం చేసి, తడి లేకుండా ఆరబెట్టి, చిన్న కుంచెతో పూస్తారు. సూది లేదు, మిషను చప్పుడు లేదు. వార్నిష్ పూశాక ఆ రోజు గట్టివి, బాగా వేడివి తినకూడదు. డాక్టరు చెప్పినంతసేపు, సాధారణంగా మర్నాటి ఉదయం వరకు, బ్రష్ చేయకూడదు. ఒక్కసారితో జీవితాంతం తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తోముడుకు, పులుపుకు ఆ పొర క్రమంగా అరుగుతుంది. మూడు నుంచి ఆరు నెలలకొకసారి మళ్ళీ వేయించుకోవలసి రావచ్చు.

"మా ఊరోళ్ళ నడుములు వంచింది అదే గదా!"

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఈ మాట నాది కాదు, మా ఇంటావిడది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు ఒక పల్లె. ఆమె పళ్ళ మీద చిన్నప్పటినుంచీ గోధుమరంగు చారలున్నాయి. వాళ్ళ చిన్నమ్మ నలభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేక, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పేది. నాలుగైదేళ్ళ క్రితం మా ఆవిడకు పళ్ళు జివ్వుమనటం ఎక్కువై, చల్లన్నం మానేసింది, పండు మానేసింది, చివరకు గోరువెచ్చని జావకు వచ్చింది. మనిషి చిక్కిపోయింది. దంతవైద్యురాలు చూసి "ఫ్లోరైడ్ వార్నిష్ వేద్దామమ్మా" అనగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. "మా ఊరోళ్ళ నడుములు వంచింది అదే గదా డాక్టరమ్మా! దాన్ని తెచ్చి మల్ల నా పండ్లకు పూస్తరా?" అన్నది.

ఆ ప్రశ్నను నవ్వి తోసిపుచ్చటానికి వీలులేదు. ఆ భయానికి చరిత్ర ఉంది. మన దేశంలో నీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పాడయ్యే జబ్బును 1937లో షార్ట్ మొదలైన వైద్యులు బయటపెట్టింది మన తెలుగు నేలమీదనే, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పేరు దీనివల్లనే దేశమంతా తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తీసే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ఈ విధంగా పుస్తకాల్లోకి ఎక్కటం సంతోషించదగిన సంగతి కాదు. మా సెక్షన్‌కు వచ్చే నీటి పరీక్ష రిపోర్టుల్లో లీటరుకు నాలుగు, ఐదు మిల్లీగ్రాములనే అంకెలు చూసి రిజిస్టర్లో ఎక్కించేవాళ్ళం. భారత ప్రమాణం ప్రకారం ఉండదగినది 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమై నదీజలం ఆ పల్లెలకు చేరింది. అయినా అప్పటికే వంగిన నడుములు మళ్ళీ నిటారు కావు.

అందుచేత మా ఆవిడకు నేను ధైర్యం చెప్పలేదు, లెక్క చెప్పాను. క్లర్కుకు తెలిసిన విద్య అదే. మీరూ కాగితం తీసుకుని వేసుకోవచ్చు.

లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరు, ఎండలో పొలం పనిచేసే మనిషి రోజుకు 4 లీటర్లు తాగుతాడనుకుందాం. రోజుకు 16 మిల్లీగ్రాములు. సంవత్సరానికి 5,840 మిల్లీగ్రాములు. అలా ఇరవై, ముప్ఫై ఏళ్ళు. కూడులో చేరింది దీనికి అదనం.

ఇప్పుడు వార్నిష్. ఒక మిల్లీలీటరులో సుమారు 22.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. నోరంతటికీ అర మిల్లీలీటరు పట్టిందనుకున్నా సుమారు 11 మిల్లీగ్రాములు. అదంతా మింగేశామనే లెక్క వేసుకుందాం. ఏడాదికి నాలుగుసార్లు వేయించుకుంటే 45 మిల్లీగ్రాములు. అంటే ఏడాది పూత మొత్తం కలిపినా ఆ బోరు నీళ్ళు మూడు రోజులు తాగినంత. అక్కడ 5,840, ఇక్కడ 45. ఒకే పదార్థమే. ఒకటి ఎముకల్లోకి దినదినమూ దిగిన విషం, రెండోది పంటి మీద పూసిన మందు. ఉప్పు లేనిదే కూర లేదు, అదే ఉప్పు దోసెడు పోస్తే నోట పెట్టలేం.

ఇంకొక సంగతి కూడా ఆ డాక్టరమ్మ చెప్పారు. పళ్ళమీద మచ్చలు పడేది చిన్నతనంలో, పన్ను చిగురులోపల తయారవుతున్న కాలంలో. పన్ను బయటికి వచ్చి స్థిరపడ్డాక ఫ్లోరైడ్ పూతవల్ల ఆ మచ్చలు రావు. మన వయసులో ఆ భయం అక్కరలేదు.

మచ్చల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఫ్లోరైడ్ పళ్ళకు మంచిదన్న సంగతి కూడా మచ్చలు చూసే తెలిసింది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో వెళ్ళిన మెకే అనే దంతవైద్యుడు అక్కడి జనం పళ్ళమీద గోధుమరంగు మరకలు చూశాడు. ఆ పళ్ళకు పిప్పి తక్కువగా ఉండటమూ గమనించాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. మరకలు పడనంత తక్కువ మోతాదులో మేలు మాత్రం దక్కుతుందని లెక్క కట్టాక, 1945లో గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో నీళ్ళలో ఫ్లోరైడ్ కలపటం మొదలుపెట్టారు. వాళ్ళు కలుపుకోవలసి వచ్చింది, మనం తీసేసుకోవలసి వచ్చింది. మన ప్రాంతంలో బోరు నీరు తాగేవారు ముందు నీటిని పరీక్ష చేయించుకోవాలి. నీటిలో ఎక్కువ ఉన్నా పంటి పూత మానాలని లేదు గాని, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మా ఆవిడ ఒప్పుకుంది. రెండు విడతల పూత తరువాత జావ మానేసి అన్నానికి వచ్చింది. ఒక్క కింది దవడ పన్ను మాత్రం తగ్గలేదు. తీరా ఎక్స్‌రే తీస్తే అందులో లోపల పిప్పి ఉంది. దాన్ని తొలిచి నింపారు. అందరికీ అన్ని పళ్ళకూ పూతే మందు కాదని చెప్పటానికే ఇది చెబుతున్నాను.

ఎప్పుడు పూతతో సరిపెట్టకూడదు?

జివ్వుమనే బాధ క్షణకాలం ఉండి, చల్లదనం పోగానే పోవాలి. అలా కాక –

నొప్పి నిమిషాల తరబడి ఉంటే, రాత్రి నిద్రలోంచి లేపితే, కొరికినప్పుడు ఒకే పన్ను కలుక్కుమంటే, చిగురు వాచి చీము కనిపిస్తే, పన్ను కదులుతుంటే అది వేరే జబ్బు. పిప్పి గానీ, పగులు గానీ, చిగుళ్ళ జబ్బు గానీ కావచ్చు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ. గోడలో చెమ్మ ఉంచి పైన సున్నం కొట్టినట్టు వీటిమీద పూత వేయించుకుంటే లాభం లేదు.

పై పళ్ళన్నీ ఒకేసారి లాగుతూ ముక్కు దిబ్బడ కూడా ఉంటే అది సైనస్ కావచ్చు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు కింది దవడలో నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గితే దంతవైద్యుని దగ్గరికి కాదు, ముందు గుండె డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఈ ఒక్క మాట గుర్తున్నా నా ప్రసంగం వృథా కాదు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఫ్లోరైడ్‌ను శరీరం నుంచి బయటికి పంపేది అవే. వార్నిష్‌లో చెట్టు బంక వంటి జిగురు ఉంటుంది. అది పడనివారు, ఉబ్బసం తీవ్రంగా ఉన్నవారు, నోట్లో పుండ్లున్నవారు కూడా ముందే చెప్పాలి.

మన మిత్రుడొకరికి ఒక చోట ఒకే రోజు ఐదు పళ్ళకు రూట్ కెనాల్ చేయాలన్నారు. ఎస్టిమేటు చూసి ఆయనకు చెమటలు పట్టాయి. ఇంకొక డాక్టరుకు చూపిస్తే ఒకదానికే అవసరం, మిగతా నాలుగూ చిగురు జారి జివ్వుమంటున్నవేనని తేలింది. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు ఇంకొక అభిప్రాయం తీసుకోవటం తప్పు కాదు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇతర పట్టణాల్లోనూ దంత కళాశాలలున్నాయి. అక్కడ కాస్త సేపు కూర్చునే ఓపిక ఉంటే చాలు. మనకు లైన్లో కూర్చోవటం కొత్త కాదు, ఒకప్పుడు మన బల్ల ముందు లైన్లో జనం నిలబడ్డవారే కదా!

ఇంట్లో చేయదగినవి

1. మెత్తని బ్రష్ వాడండి. అడ్డంగా రంపం కోసినట్టు తోమకండి. చిగురు నుంచి పన్ను కొసకు సున్నితంగా తోమండి.

2. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, గరుకు పళ్ళపొడి మానండి. వేపపుల్ల నమలటం వరకు మంచిదే, దానితో పళ్ళను రాపాడటమే అరుగుదలకు కారణం.

3. పేస్టు గొట్టం మీద ఫ్లోరైడ్ ఎంతో చదవండి. మన దేశపు నియమాల ప్రకారం 1000 పి.పి.ఎం. మించకూడదు. కళ్ళద్దాలు పెట్టుకుని జి.ఓ.లు చదివిన మనకు ఇది కష్టం కాదు.

4. తోమాక నురగ ఉమ్మేయండి. వెంటనే చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే పంటికి అంటిన ఫ్లోరైడ్ అంతా పోతుంది.

5. నిమ్మరసం, చింతపండు పులుసు, మామిడికాయ, సోడాల తరువాత వెంటనే బ్రష్ చేయకండి. పులుపుకు మెత్తబడిన పన్ను అరిగిపోతుంది. ఉత్త నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగండి.

6. జివ్వుమనే పళ్ళకు అమ్మే పేస్టులు రెండు మూడు వారాలు క్రమంగా వాడితేనే గుణం కనిపిస్తుంది. నాలుగు రోజులకే మానేయకండి. రాత్రి పడుకునే ముందు వేలితో కొద్దిగా ఆ చోట రాసుకోవచ్చు.

7. నశ్యం, పొగాకు పొడి, ఆస్పిరిన్ బిళ్ళ పంటి దగ్గర పెట్టటం మానండి. బిళ్ళ పెడితే చిగురు కాలి పుండవుతుంది. పొగాకు సంగతి చెప్పనక్కరలేదు.

8. ఫ్లోరైడ్ ద్రావణం సీసాను మనవలకు అందని ఎత్తులో పెట్టండి. ఆరేళ్ళ లోపు పిల్లలకు పుక్కిలించే మందు ఇవ్వకూడదు, వాళ్ళు మింగేస్తారు. మూడేళ్ళ లోపు వారికి బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. పెద్దవాళ్ళకు లేని మచ్చల ప్రమాదం వాళ్ళకుంది.

సోదరులారా, సోదరీమణులారా! పన్ను పోతే పోయిందిలే, ఈ వయసులో పళ్ళెందుకు అనేవారు మనలో ఉన్నారు. నమలలేనివాడు మెత్తనివే తింటాడు. మెత్తనివంటే చాలావరకు అన్నం, బ్రెడ్డు, తీపి. కూరగాయలు, పప్పుధాన్యాలు, పండ్లు తగ్గుతాయి. దానివల్ల బలం తగ్గుతుంది, చక్కెర పెరుగుతుంది. నలుగురిలో కూర్చుని భోంచేయటానికి మొహమాటపడి పెళ్ళిళ్ళకు వెళ్ళటం మానేసినవారిని నేనెరుగుదును. కాబట్టి ఇది ఒక్క పంటి సమస్య కాదు, బంతిలో మన ఆకు దగ్గర మనం కూర్చోగలగటమనే సమస్య.

ఈ సందర్భంగా కార్యవర్గానికి నా మనవి ఒకటుంది. ఏటా మనం బతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఆ నెలలోనే సంఘం తరఫున ఒక దంత పరీక్షా శిబిరం కూడా ఏర్పాటు చేస్తే, సర్టిఫికెట్ కోసం వచ్చిన ప్రతి సభ్యుడూ, ముఖ్యంగా ఇల్లు కదలని మన ఇంటి ఆడవారూ, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే అక్కచెల్లెళ్ళూ పళ్ళు చూపించుకుంటారు. వచ్చే సమావేశం అజెండాలో దీన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాను.